హైడ్రిల్లానా, ఎలోడియానా? ముందు వేలితో తడమండి

మా మేనకోడలు ఇంటర్ బైపీసీ. ప్రాక్టికల్స్‌కి వారం ముందు, ఎంవీపీ కాలనీలో ఉన్న మా ఇంటికి చేతిలో ప్లాస్టిక్ కవరుతో వచ్చింది. కవరులో సగం నీళ్ళు, నీళ్ళలో రబ్బరు బ్యాండు చుట్టిన పచ్చటి నీటి మొక్కల కట్ట.

"మామయ్యా, కాలేజీలో హైడ్రిల్లా తెమ్మన్నారు. చేపల ట్యాంకుల షాపులో అడిగితే, 'ఇది ఎలోడియా, రెండూ ఒకటేనమ్మా' అని ఇచ్చేశాడు. నిజంగా ఒకటేనా?"

ఒకటి కాదు. అలాగని షాపాయన్ని తప్పు పట్టలేను. చాలా ఏళ్ళు బోటనీ చెప్పినవాణ్ణి, అయినా ల్యాబు బకెట్లో ఏది తేలితే దాన్నే హైడ్రిల్లా అనేసిన రోజులు నాకూ ఉన్నాయి. పిల్ల అప్పటికే ఫోన్లో రెండు ఫొటోలు తీసి ఒక యాప్‌ని అడిగిందట. మొదటి ఫొటోకి ఒక పేరు చెప్పింది, రెండో ఫొటోకి ఇంకో పేరు. అదే మొక్క, అదే కవరు!

మనవాళ్ళకైతే ఈ గొడవే లేదు. నీళ్ళలో పచ్చగా కదిలేదంతా నాచే, కాకపోతే పాచి. కోనేటి మెట్ల మీద కాలు జార్చేదీ అదే, చెరువులో ఈతకు దిగితే కాళ్ళకు చుట్టుకునేదీ అదే. కొండకర్ల ఆవ సరస్సులో తాటి దోనె మీద వెళ్తూ తామరాకుల సందుల్లోంచి కిందికి చూస్తే కనిపించే పచ్చటి అడవికి కూడా మనకున్నది ఆ ఒక్క మాటే. నిజానికి ఆ మాటలో శైవలాలూ (ఆల్గే) ఉన్నాయి, పువ్వులు పూసే అసలు సిసలు మొక్కలూ ఉన్నాయి.

వేరే వేరే మొక్కలు ఇలా ఒకే అచ్చులో పోసినట్టు ఉండడానికి కారణం నీళ్ళే. బరువంతా నీళ్ళే మోస్తాయి కనుక కాండం గట్టిగా ఉండాల్సిన పని లేదు. వాయువులు ఆకు చర్మంలోంచే లోపలికి వస్తాయి కనుక పత్రరంధ్రాలు అక్కర్లేదు. ఆకు పలచగా ఉంటేనే లాభం. హైడ్రిల్లా ఆకు మందం చాలా మేర రెండంటే రెండు కణాలే. అందుకే మైక్రోస్కోపు కింద పెడితే కణాల్లో హరితరేణువులు వరుసగా తిరగడం, కోయకుండానే, రంగు వేయకుండానే కనిపిస్తుంది.

దగ్గరి పోలిక లేనివాటిని ముందు పక్కన పెట్టేద్దాం. మొదట్లోంచే పొడవాటి రిబ్బన్లలా ఆకులు లేస్తే అది వాలిస్నేరియా. ఆకు కొమ్మలుగా చీలి, జింక కొమ్ముల్లా ఉండి, వేళ్ళు అసలే లేకపోతే సెరటోఫిల్లమ్. నలిపితే ముతక వాసన వచ్చి, పిండిలో ఇసుక కలిసినట్టు కరకరలాడితే కారా. చూడ్డానికి మొక్కలా ఉన్నా అది శైవలం, ఒంటికి సున్నం పూసుకుని పెరుగుతుంది.

ఇవి పోగా మిగిలిన ముగ్గురూ ఒకే కుటుంబం వాళ్ళు, హైడ్రోకారిటేసీ. హైడ్రిల్లా మన పాత ప్రపంచానిది, అంటే ఆసియా, ఆఫ్రికాల వైపుది. ఎలోడియా ఉత్తర అమెరికాది. ఎజీరియా దక్షిణ అమెరికాది. అక్వేరియం షాపుల్లో 'ఎలోడియా' అని, 'అనకారిస్' అని అమ్మేది చాలాసార్లు ఈ మూడోదే. మూడింటికీ కణుపు దగ్గర ఆకులు చుట్టూ వలయంలా వస్తాయి.

అందుకని మొదటి పని లెక్క. కాండం నడిమి భాగంలో నాలుగైదు కణుపులు చూసి లెక్కపెట్టాలి. అడుగు కణుపుల దగ్గర లెక్క తప్పుతుంది, కొన దగ్గర ఆకులు ముద్దగా ఉండి అసలు లెక్కకే రావు. ఎలోడియాకి సాధారణంగా మూడు. ఎజీరియాకి నాలుగు నుంచి ఆరు. హైడ్రిల్లాకి ఎక్కువగా నాలుగైదు, ఒక్కోసారి ఎనిమిది దాకా. అంటే మూడు దాటితే ఎలోడియా అనే మాట చాలావరకు పోతుంది, కానీ మిగతా ఇద్దరి తగువు తేలదు.

దాన్ని తేల్చేది వేలు. ఆకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, ఒకసారి పైకి, ఒకసారి కిందికి మెల్లగా లాగండి. హైడ్రిల్లా గీరుకుంటుంది. చెరకు తోటలో నడుస్తుంటే చేతులకి గీసుకునే ఆకు ఉంటుందే, దానికి చిన్న తమ్ముడు అనుకోండి. అంచుల్లో రంపపు పళ్ళుంటాయి, వెలుతురులో పట్టుకుంటే కళ్ళద్దాలు లేకుండానే కనిపిస్తాయి. ఆకు వెనక్కి తిప్పితే నడిమి ఈనె మీద కూడా చిన్న ముళ్ళుంటాయి. ఆ ఈనె చాలాసార్లు ఎర్రగా ఉంటుంది. ఎజీరియాకి ఈనె మీద ముళ్ళు ఉండవు, అంచు పళ్ళు చూడాలంటే భూతద్దం కావాలి. చేతికి మెత్తగా, కాస్త జారుడుగా తగులుతుంది. ఆకు సైజు కూడా కొంత సాయం చేస్తుంది. హైడ్రిల్లా ఆకు చాలావరకు రెండు సెంటీమీటర్ల లోపే, ఎజీరియాది మూడు సెంటీమీటర్లు కూడా దాటుతుంది.

అయితే ఒక్క ఆకు పట్టుకుని తీర్పు చెప్పకండి. నీడలో పెరిగిన లేత హైడ్రిల్లా కూడా మెత్తగా మోసం చేస్తుంది. ముదురు ఆకులు నాలుగైదు తడమాలి.

వీటన్నిటికీ మించిన సాక్ష్యం బురదలో ఉంటుంది, కానీ షాపు కట్టకి బురద ఎక్కడిది? చెరువులో మొక్కని వేళ్ళతో సహా మెల్లగా పెకలిస్తే, హైడ్రిల్లా భూమిలోని కొమ్మ చివర బఠాణీ గింజంత తెల్లటి దుంప దొరకొచ్చు. ఈ ముగ్గురిలో దుంపలు వేసేది ఇదొక్కటే. దొరికితే ఇంక భూతద్దంతో పని లేదు. దొరకలేదని మాత్రం కాదనకూడదు.

మా పిల్ల వేలు పెట్టింది, "అబ్బా, పిల్లి నాలికలా ఉంది మామయ్యా" అంది. లెక్కపెడితే ఒక్కో కణుపుకి అయిదు. హైడ్రిల్లానే.

కిరణజన్య సంయోగక్రియలో ఆక్సిజన్ వస్తుందని చూపే ప్రయోగం డాబా మీద పెట్టాం. బీకరులో మొక్క, తెగిన కొనలు పైకి, దాని మీద గరాటు, గరాటు మీద నీళ్ళతో నింపి బోర్లించిన టెస్ట్ ట్యూబు. పట్టపగలు, విశాఖ ఎండ, అయినా అరగంట దాటినా ఒక్క బుడగ లేదు. పిల్లకి టెన్షన్. "మొక్క చచ్చిపోయిందా?" అని పదిసార్లు అడిగింది. చూస్తే బీకరులో పోసింది వంటింట్లో మరిగించి చల్లార్చిన నీళ్ళు! మరిగిస్తే కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, ఇక మొక్క దేన్ని తిని ఆక్సిజన్ ఇస్తుంది? చిటికెడు వంటసోడా వేశాం. కాసేపటికి తెగిన కొన నుంచి బుడగలు దారానికి గుచ్చిన పూసల్లా లేచాయి. వంటసోడాలోని బైకార్బొనేటును హైడ్రిల్లా వాడుకోగలదు. బుడగలు ఆకుల మీంచి కాక తెగిన కొన నుంచి రావడానికి, కాండంలో పొడుగునా ఉన్న గాలి గొట్టాలు కారణం.

ఈ మొక్క దగ్గర నాకు అన్నిటికన్నా నచ్చేది మధ్యాహ్నం దీని తెలివి. దట్టంగా అల్లుకున్న చోట పన్నెండింటికల్లా నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు అయిపోతుంది, ఆక్సిజన్ పేరుకుపోతుంది. కార్బన్‌ని పట్టాల్సిన ఎంజైమ్ అప్పుడు పొరపాటున ఆక్సిజన్‌ని పట్టడం మొదలుపెడుతుంది. చెరకు, మొక్కజొన్న దీనికి రెండు రకాల కణాలతో సీ4 అనే పరిష్కారం కనుక్కున్నాయి. ఇంటర్ పిల్లలు క్రాంజ్ అనాటమీ అని బొమ్మ వేసి మార్కులు తెచ్చుకునేది ఆ కణాల అమరికకే. హైడ్రిల్లాకి ఆ బొమ్మే లేదు. అదే సీ4 పనిని ఒకే కణంలో, అదీ అవసరం పడ్డప్పుడు మాత్రమే చేస్తుంది, కార్బన్ దండిగా ఉంటే మామూలు పద్ధతికి వచ్చేస్తుంది. పరీక్షలో 'క్రాంజ్ అనాటమీ లేకుండా సీ4 ఉండదు' అని రాస్తే మార్కు వస్తుందేమో కానీ, ఈ బకెట్లో మొక్క ఒప్పుకోదు.

పువ్వు విషయంలో కూడా ఇది మామూలుది కాదు. మగ మొగ్గ నీటి అడుగునే తెగి, పైకి తేలి, నీటి మీద టప్పున పగిలి పుప్పొడి చిమ్ముతుంది. ఆడ పువ్వు సన్నటి గొట్టం సాచి నీటి మట్టానికి వచ్చి ఎదురు చూస్తుంది.

పేరు తప్పు చెబితే కొంపలేం మునుగుతాయి అనేవాళ్ళకి ఫ్లోరిడా సంగతి చెబుతాను. 1950లలో అక్కడి టాంపా ప్రాంతానికి అక్వేరియం వ్యాపారం ద్వారా శ్రీలంక నుంచి ఈ మొక్క చేరింది. 'ఇండియన్ స్టార్ వైన్' అని అందంగా అమ్మారు. 1960 నాటికి క్రిస్టల్ రివర్‌లో, మయామీ కాలువలో విచ్చలవిడిగా కనిపించింది. చూసినవాళ్ళు తమ దేశపు ఎలోడియాకి చుట్టమే అనుకుని 'ఫ్లోరిడా ఎలోడియా' అని పిలిచారు. అసలు పేరు తేలేలోపు అది నీళ్ళను కమ్మేసింది. పరిస్థితి నచ్చితే రోజుకి అంగుళం పెరిగే మొక్క ఇది. రెండు కణుపులున్న ముక్క చాలు, కొత్త మొక్క అవుతుంది. పైన కోసేసినా బురదలో దుంపలు ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి.

మన దగ్గర దాన్ని అంత శత్రువుగా చూడలేదు. 18వ శతాబ్దం చివర సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలకు బొమ్మలు వేయించినప్పుడు దీన్నీ వేయించాడు. అప్పటి పేరు సెర్పిక్యులా. ఉత్తరాదిన ఖండసారి అనే నాటు చక్కెర చేసేవాళ్ళు తడిగా ఉన్న ఈ నాచును ముడి చక్కెర మీద పరిచేవారు. నాచులోని తడి మెల్లగా కిందికి దిగుతూ మడ్డిని కడిగేస్తుంది, పైన తెల్లటి చక్కెర మిగులుతుంది. అనకాపల్లి బెల్లం తిని పెరిగినవాణ్ణి కదా, ఈ ముక్క చదివిన రోజు నాకు నాచు మీద గౌరవం పెరిగింది.

ప్రాక్టికల్స్ అయ్యాక మిగిలిన కట్టను పిల్ల ఇంటి వెనక గెడ్డలో (వాగులో) పడేస్తానంది. వద్దన్నాను. ఏ మొక్కయినా ట్యాంకులోంచి గెడ్డలోకి వెళ్ళకూడదు. డాబా మీద నాలుగు రోజులు ఎండబెట్టి గులాబీ కుండీలో వేశాం.

మొన్న అదే షాపు నుంచి ఇంకో కట్ట తెచ్చింది. చీటీ మీద మళ్ళీ 'ఎలోడియా' అనే ఉంది. కణుపుకి నాలుగేసి ఆకులు, ఈనె మీద ముళ్ళు లేవు, చేతికి పట్టులా ఉంది. ఎజీరియా అనే నా అనుమానం. పూస్తే రెండు సెంటీమీటర్ల వెడల్పున మూడు తెల్లటి రేకులు విప్పాలి, హైడ్రిల్లా పువ్వయితే దానికన్నా చాలా చిన్నది. నీళ్ళు వేడెక్కితే దానికి పడదు కనుక టబ్బుని మెట్ల కింద నీడలో పెట్టాం. పొద్దున్నే లేచి పిల్ల ముందు అక్కడికే వెళ్తోంది.