ఆకులో ఎంజైమ్, యార్డులో చెరకు: రికవరీ తగాదా వెనుక కథ

క్రషింగ్ సీజన్ వచ్చిందంటే గోదావరి డెల్టాలో రికవరీ, అంటే నలిపిన చెరకులోంచి వచ్చే పంచదార శాతం మీద తగాదా మామూలే. ఈసారి అందులోకి ఆకు పరీక్షల అంకెలు కూడా వచ్చి చేరాయి. ఆకులో సుక్రోజ్ (చక్కెర) తయారుచేసే ఎంజైమే తక్కువగా ఉందని, రకం నీరసించిందని, రికవరీ అందుకే పడిపోతోందని ఫ్యాక్టరీల వైపు వాదన. నరికిన చెరకు ఫ్యాక్టరీ యార్డులో ఎండుతుంటే ఆకును నిందిస్తారేమిటని రైతులు అడుగుతున్నారు.

పేచీ డబ్బు దగ్గరే. 2025-26 సీజన్‌కు కేంద్రం ఖరారు చేసిన ఎఫ్‌ఆర్‌పీ (ఫ్యాక్టరీ రైతుకు చెల్లించాల్సిన కనీస ధర) 10.25 శాతం రికవరీకి క్వింటాలుకు 355 రూపాయలు. అక్కడి నుంచి ప్రతి 0.1 శాతానికీ 3.46 రూపాయలు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. 9.5 శాతం కంటే కిందికి పోయినా 329.05 రూపాయలకు తగ్గకూడదు. అంటే టన్ను మీద రైతుకు పడే కోత 259.50 రూపాయల దాకా ఉంటుంది.

 ఫ్యాక్టరీలు తక్కువైందంటున్న ఆ ఎంజైమ్ పేరు సుక్రోజ్ ఫాస్ఫేట్ సింథేజ్, పొట్టిగా ఎస్‌పీఎస్. 1950లలో అర్జెంటీనాలో లెలోయిర్ బృందం దీన్ని బయటపెట్టింది. ఇప్పటి గొడవకు ఆ కథ కన్నా 1989 ముఖ్యం.

ఆ ఏడాది అమెరికాలో స్టీవెన్ హ్యూబర్, జోన్ హ్యూబర్ బృందం పాలకూర ఆకులో ఒక సంగతి తేల్చింది. చీకటి పడితే ఎస్‌పీఎస్‌కు ఫాస్ఫేట్ తగులుకుంటుంది. ఎంజైమ్ ఎక్కడికీ పోదు, మందగిస్తుందంతే. వెలుగు రాగానే ఆ ఫాస్ఫేట్ ఊడి మళ్లీ చురుకవుతుంది. దాంతో ఎంత ఉంది, ఎంత పనిచేస్తోంది అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలయ్యాయి, పరీక్షలూ రెండయ్యాయి. మొదటిదానికి ఎంజైమ్‌కు ముడిసరుకులైన యూడీపీ గ్లూకోజ్ 10 మిల్లీమోలార్ (గాఢత కొలమానం), ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్ 10, దాన్ని ఉత్తేజపరిచే గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ 40 చొప్పున పుష్కలంగా పోస్తారు. రెండోదానికి యూడీపీ గ్లూకోజ్ అంతే ఉంచి మిగతా రెండింటినీ 3కి, 12కి తగ్గిస్తారు. ఎంజైమ్‌ను అణిచే ఫాస్ఫేట్ 10 మిల్లీమోలార్ కలుపుతారు. రెండో అంకెను మొదటిదానితో భాగిస్తే ఆకు ఆ క్షణాన ఎంత చురుగ్గా ఉందో తెలుస్తుంది. ఏ పరీక్షో చెప్పకుండా విడుదలచేసిన ఒంటి అంకెకు విలువ లేదు.

అసలు చిక్కు తోటలోనే మొదలవుతుంది. పై నుంచి చూస్తే మెడ (ఆకు, దాని తొడుగు కలిసే చోటు) స్పష్టంగా కనబడే మొదటి ఆకును ఎంచుకోవాలి. మధ్య భాగం నుంచి ఈనె తీసేసి ముక్క కోయాలి, కోసిన క్షణాల్లో లిక్విడ్ నైట్రోజన్‌లో వేయాలి. కోసేవాడి నీడ కూడా ఆకు మీద పడకూడదు. ఐస్ పెట్టెలో వేసుకుని గంట తర్వాత ల్యాబ్‌కు తెస్తే ఆకు అప్పటికే చీకట్లో గడిపి వచ్చినట్టు లెక్క. ఉదయం పది గంటలకు ఎండలో ఒక రకం, సాయంత్రం మబ్బులో ఇంకో రకం కోసి రెండింటినీ పోలిస్తే కనబడేది రకాల మధ్య తేడా కాదు, వెలుతురులో తేడా.

ల్యాబ్‌లో ఇంకో గండం ఉంది. చెరకు ఆకులో ముందే సుక్రోజ్ దండిగా ఉంటుంది. ఆకును నైట్రోజన్‌లోనే పొడిచేసి, పీహెచ్ 7.5 బఫర్‌లో మెగ్నీషియం, ఎంజైమ్‌ను కాపాడే డీటీటీ, ఫినాల్స్‌ను పట్టేసే పీవీపీపీ కలిపి రసం తీస్తారు. పీవీపీపీ తగ్గితే ఫినాల్స్ వల్ల రసం గోధుమరంగుకు తిరిగి ఎంజైమ్ చచ్చిపోతుంది. ఆ రసాన్ని చిన్న అణువులను వేరుచేసే సెఫాడెక్స్ జీ-25 కాలమ్ గుండా పంపాలి. పంపకపోతే ఆకులోని పాత సుక్రోజ్, ఫాస్ఫేట్ రెండూ లెక్కలో దూరతాయి. పది నిమిషాల చర్యను సోడియం హైడ్రాక్సైడ్‌తో ఆపి, మరో పది నిమిషాలు మరగబెట్టాలి. మిగిలిన ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్ అప్పుడే నశిస్తుంది. అది మిగిలితే రిసార్సినాల్, ఆమ్లం వేసి 80 డిగ్రీల వద్ద వేడిచేసినప్పుడు సుక్రోజ్‌లాగే అదీ రంగు ఇస్తుంది, 520 నానోమీటర్ల దగ్గర లేని సుక్రోజ్ ఉన్నట్టు కనబడుతుంది. అందుకే ఎంజైమ్ పోయడానికి ముందే క్షారం వేసిన బ్లాంక్ (పోలికకు పెట్టే గొట్టం) ప్రతి నమూనాకూ ఉండాలి. ఫలితాన్ని క్లోరోఫిల్ మీద లెక్కకట్టడం మరో తిరకాసు: మురుగు నిలిచి పసుపుబారిన తోటలో క్లోరోఫిల్ తక్కువ కాబట్టి అంకె ఊరికే పెరుగుతుంది.

ఇదంతా సవ్యంగా చేసినా తేలేది ఆకు సంగతే. 1997లో జు, కోమోర్, మూర్ చెరకు గెడలోనే కొలిచి చూశారు. కణుపుల మధ్య నిల్వయ్యే సుక్రోజ్, అక్కడి ఎస్‌పీఎస్ చురుకుదనంలోంచి సుక్రోజ్‌ను విడగొట్టే కరిగే ఆమ్ల ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ చురుకుదనాన్ని తీసేయగా మిగిలే తేడాను బట్టి ఉంటుందని తేల్చారు. గెడ నరికాక ఆకు పోతుంది, ఇన్వర్టేజ్ ఉంటుంది. ఎండలో పడున్న గెడలో అది సుక్రోజ్‌ను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొడుతూ పోతుంది. కోత చోట చేరే ల్యూకోనోస్టాక్ బ్యాక్టీరియా మిగతాదాన్ని డెక్స్ట్రాన్ జిగురుగా మారుస్తుంది. ఆ జిగురుతో రసం వడపోతా, స్ఫటికం కట్టడమూ రెండూ దెబ్బతింటాయి. రైతుల మాటలో పస ఇక్కడుంది.

ఫ్యాక్టరీల వాదనను కొట్టిపారేయలేం. తుఫానుకు పడిపోయిన తోటలో, యూరియా ఎక్కువై ఆలస్యంగా పక్వానికొచ్చిన తోటలో చక్కెర తక్కువే. కానీ రికవరీ అంటే నలిపిన చెరకులోంచి సంచికెక్కిన పంచదార శాతం. పిప్పిలో, మొలాసిస్‌లో పోయింది కూడా అందులోంచే తగ్గుతుంది. ఆ నష్టాల పట్టిక, ఫ్యాక్టరీ ఇచ్చిన కటింగ్ ఆర్డర్ తేదీ, తూకం వేసిన గంట, ఆకు కోసిన వేళ, వాడిన పరీక్ష: ఇన్నీ ఒకే కాగితం మీద పెట్టాలని రైతులు అడుగుతున్నారు. ఇప్పటిదాకా చర్చలో తిరుగుతున్నది ఆకు అంకె ఒక్కటే.