ఎలుక కాలేయం దాటని పసరు

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికైనా కళ్లు పచ్చబడితే ఇంట్లో మొదట వినిపించేది ఆస్పత్రి పేరు కాదు, పసరు పోసే మనిషి ఉండే ఊరి పేరు. పరగడుపున పోవాలి, చెప్పినన్ని రోజులు తాగాలి, నూనె, కారం ముట్టకూడదు. అందులో ఏ ఆకు నూరారో ఆ మనిషి చెప్పడు. నేల ఉసిరో, గుంటగలగరో అయి ఉంటుందని తాగినవాళ్లు అనుకుంటారు.

ఈ నమ్మకం ఊరికే పుట్టింది కాదు. పాడైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ వారాల్లో ఏది తాగితే పేరు దానికే వస్తుంది. అయితే ఈ ఆకులు ఫార్మసీ ప్రయోగశాలల్లోకి వెళ్లిన దారి వేరు. అక్కడ కాలేయాన్ని దెబ్బతీసేది వైరస్ కాదు, మనం మింగే మాత్రే.

పారాసిటమాల్ 1950ల మధ్యలో అమెరికా, బ్రిటన్ మందుల షాపుల్లోకి వచ్చింది. మోతాదు మించి మింగినవాళ్ల కాలేయం చచ్చుబడుతోందని 1966లో బ్రిటన్ వైద్యులు రాశారు. ఎందుకలా జరుగుతుందో 1973లో అమెరికా పరిశోధకులు తేల్చారు. మామూలు మోతాదులో ఈ మందులో ఎక్కువ భాగం హాని లేకుండానే మూత్రంలో పోతుంది. కొద్ది భాగం మాత్రం కాలేయంలో విషంగా మారుతుంది. దాన్ని గ్లూటాథయోన్ అనే పదార్థం అక్కడికక్కడే అణచేస్తుంది. మాత్రలు మరీ ఎక్కువైతే గ్లూటాథయోన్ నిల్వ అడుగంటి, ఆ విషం కాలేయ కణాల మీద పడుతుంది.

ఈ సంగతి తెలిశాక పరిశోధకులకు ఒక పనిముట్టు దొరికినట్టయింది. అంతకుముందు ఎలుకల కాలేయాన్ని పాడుచేయడానికి కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే రసాయనం వాడేవారు. ఇప్పుడు చవగ్గా దొరికే పారాసిటమాల్ కూడా తోడైంది. ఎలుకకు కొన్ని రోజులు మొక్క సారం పట్టి, తర్వాత విషం ఇచ్చి, కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ఎంజైములు ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎంత పెరిగాయో చూడాలి. పోల్చుకోవడానికి కాలేయానికి వాడే సిలిమారిన్ అనే మందు ఉంది. యూరప్‌లో ముళ్లతో పెరిగే ఒక మొక్క గింజల నుంచి దాన్ని 1960లలో జర్మన్లు వేరుచేశారు.

1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది. ఫార్మసీ కళాశాల హన్మకొండలో, ములుగు, ఏటూరునాగారం అడవులు దగ్గరలో. మొక్కకు కొదవ లేదు, ఎలుకల గది ఉంది. తర్వాత్తర్వాత జిల్లాలో ప్రైవేటు ఫార్మసీ కాలేజీలూ బోలెడు వచ్చాయి. ఎం.ఫార్మసీ విద్యార్థికి ఏడాదిలోపు ముగిసే ప్రాజెక్టు కావాలంటే ఇంతకంటే అనువైనది అరుదు. చదువు నేర్పే పనిగా దీన్ని నేను తప్పుపట్టను. కానీ ఫలితం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: సారం ఇచ్చిన ఎలుకల్లో ఎస్‌జీపీటీ తక్కువ పెరిగింది, సిలిమారిన్‌కు దగ్గరగా వచ్చింది. ఇన్ని మొక్కలు ఒకే పని చేస్తుంటే కొంచెం అనుమానం రావాలి కదా!

చిక్కంతా వరసలో ఉంది. ఎలుకకు ముందు సారం, తర్వాత విషం. మనిషి ముందు మాత్రలు మింగి, ఆ తర్వాత ఆస్పత్రికి వస్తాడు. అలా వచ్చినవాళ్లకు 1970ల నుంచి ఇస్తున్న విరుగుడు మొక్క సారం కాదు, ఎన్-అసిటైల్ సిస్టీన్. అది ఖాళీ అయిన గ్లూటాథయోన్‌ను మళ్లీ నింపుతుంది. మాత్రలు మింగిన ఎనిమిది గంటల్లోపు ఇస్తే చాలా బాగా పనిచేస్తుంది. మన ప్రాజెక్టుల్లో మొక్కకు పోటీ పెట్టేది మాత్రం సిలిమారిన్‌నే.

మనుషుల దాకా వచ్చి పేరు తెచ్చుకున్న మొక్క నేల ఉసిరి. హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి నోబెల్ అందుకున్న బ్లూంబర్గ్, మద్రాసు వైద్యులు కలిసి 1988లో ఫలితాలు ప్రకటించారు. నేల ఉసిరి తీసుకున్నవాళ్లలో 59 శాతం మందికి రక్తంలో వైరస్ గుర్తు పోయిందని, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 4 శాతం మందికే పోయిందని. దేశమంతా సంబరపడింది. ఇతర చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. ఆకు ఏ నేలలో పెరిగింది, ఏ కాలంలో కోశారు, ఎలా తీశారన్నదాన్ని బట్టి సారం మారిపోవడం ఈ పరిశోధనలన్నిటికీ తగిలే అడ్డంకే.

మన దగ్గర అసలు అవసరం టీబీ రోగులది. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని దెబ్బతీయగలవు. కామెర్లో, వాంతులో ఉండి ఎస్‌జీపీటీ మామూలు పరిమితికి మూడు రెట్లు దాటినా, ఏ లక్షణమూ లేకుండా అయిదు రెట్లు దాటినా డాక్టర్లు ఆ మాత్రలు ఆపుతారు. కోర్సు మధ్యలో ఆగితే జబ్బు మొండికేస్తుందని టెన్షన్. ఆ సమయంలోనే ఇంట్లోవాళ్లు పసరు తెస్తారు. అప్పుడు కాలేయం మీద ఏది పనిచేస్తోందో, ఏది భారం మోపుతోందో చెప్పడం కష్టమవుతుంది.

ఆకే హాని చేయవచ్చన్న మాట కరోనా కాలంలో గట్టిగా వినిపించింది. తిప్పతీగ కషాయం తాగి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి 2021లో ముంబై వైద్యులు రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, వాళ్లు తాగింది అసలు తిప్పతీగేనా అని అడిగింది. పసరు పోసే మనిషి ఆకు పేరు చెప్పని ఊళ్లలో ఆ ప్రశ్న అడగడానికి కూడా వీల్లేదు.