మరిగే నీళ్లతో కారు సెన్సర్‌కి పరీక్ష

మా పాత కారులో టెంపరేచర్ ముల్లు చాలా కాలం పావు గీత దాటి పైకి రాలేదు. మైలేజీ పడిపోయింది, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన వచ్చేది. మెకానిక్ చూసి "సెన్సర్ పోయింది సార్, మార్చేద్దాం" అన్నాడు. మార్చాం. ముల్లు కదల్లేదు. "డూప్లికేట్ తగిలినట్టుంది" అని ఇంకోటి వేశాడు. అప్పుడూ అంతే. రెండు సెన్సర్ల డబ్బు పోయాక గానీ నాకు తట్టలేదు, సెన్సర్ తప్పు చెబుతోందో లేదో మాలో ఎవరమూ ఒక్కసారి కూడా కొలిచి చూడలేదని.

కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక మల్టీమీటర్, ఒక గిన్నె, ఐసు, స్టవ్వు ఉంటే చాలు.

సెన్సర్ అనే ఆ ఇత్తడి ముక్క లోపల ఉండేది థర్మిస్టర్ అనే చిన్న బిళ్ల. రాగి తీగ వేడెక్కితే కరెంటుకి నిరోధం, అంటే రెసిస్టెన్స్, పెరుగుతుంది. ఈ రకం థర్మిస్టర్‌లో మాత్రం వేడి పెరిగేకొద్దీ తగ్గుతుంది. ఇలాంటి తిరగబడ్డ ప్రవర్తనను మైకేల్ ఫారడే 1833లోనే సిల్వర్ సల్ఫైడ్‌లో గమనించాడు. ఇప్పుడు మన కార్ల ఇంజిన్లలో పనిచేస్తున్నది ఆ గుణమే.

అంకెలు చూస్తే విషయం ఇంకా బాగా తెలుస్తుంది. బాగా వాడుకలో ఉన్న ఒక రకం బాష్ సెన్సర్‌ని తీసుకుందాం. 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని నిరోధం సుమారు 5,900 ఓమ్స్. 20 డిగ్రీల దగ్గర 2,500. 60కి వచ్చేసరికి 600, 80కి 320, 100 డిగ్రీలకి 190 కన్నా కాస్త తక్కువ. మొదట్లో నిట్టనిలువుగా పడిపోయి, వేడెక్కాక నెమ్మదిగా తగ్గుతుంది. పాత బండ్లలో వచ్చే చిక్కంతా ఈ వంపులోనే ఉంది.

ఎలాగంటే, కనెక్టర్ పిన్నులకి పచ్చటి చిలుము పట్టి 130 ఓమ్స్ అదనపు నిరోధం చేరిందనుకోండి. పొద్దున్నే ఇంజిన్ చల్లగా, 20 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు 2,500కి 130 కలిస్తే వచ్చే తేడా సుమారు ఒక్క డిగ్రీ. ఎవరూ పట్టుకోలేరు. అదే ఇంజిన్ 100 డిగ్రీలకి చేరినప్పుడు 190కి 130 కలిస్తే 320 అవుతుంది. ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్, లెక్కలో అది 80 డిగ్రీలు! అంటే ఇరవై డిగ్రీల అబద్ధం. ఫ్యాన్ తిరగాల్సిన సమయంలో తిరగదు. ఇంజిన్ లోపలి సీలైన హెడ్ గ్యాస్కెట్ కాలిపోయే దాకా అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. చల్లని ఇంజిన్ మీద కొలిచి "సెన్సర్ ఓకే" అనే మాటని అందుకే నేను నమ్మను. వేడి మీద కూడా కొలవాలి, సెన్సర్‌ని విడిగా, వైరునీ కనెక్టర్‌నీ విడిగా చూడాలి.

ఇక పరీక్ష. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే సెన్సర్ విప్పాలి. వేడి మీద రేడియేటర్ మూత అసలు ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడి మీద ఉన్న నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత వదులైన మరుక్షణం ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి.

మొదట ఐసు. గ్లాసు నీళ్లలో నాలుగు ఐసు ముక్కలు వేస్తే సరిపోదు. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువెక్కి అడుక్కి చేరతాయి కాబట్టి, పైన ఐసు తేలుతున్నా కింద 4 డిగ్రీలు ఉండవచ్చు. ఐసుని బాగా దంచి, అది మునిగేంత నీళ్లే పోసి, కలుపుతూ ఉండాలి. అప్పుడే నిజమైన సున్నా దొరుకుతుంది.

తర్వాత మరిగే నీళ్లు. సెన్సర్‌ని దారంతో కట్టి వేలాడదీయాలి. గిన్నె అడుగుకి తగలకూడదు, అడుగు నీళ్లకన్నా వేడిగా ఉంటుంది. ఇత్తడి మొన మాత్రమే మునగాలి, పిన్నులు తడవకూడదు. అయితే మరిగే నీళ్లంటే ఖచ్చితంగా 100 డిగ్రీలు అనుకోవద్దు. సముద్ర మట్టం నుంచి సుమారు 300 మీటర్లు ఎక్కిన ప్రతిసారీ ఒక డిగ్రీ తగ్గుతుంది. విశాఖ బీచ్ దగ్గర 100 అయితే, 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో 98 చిల్లర. మధ్య కొలతలకి వంటింటి ప్రోబ్ థర్మామీటర్ సరిపోతుంది, దాన్ని కూడా ముందు అదే ఐసులో పెట్టి చూసుకోవాలి. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ విషం. ఈ గిన్నెని మళ్లీ వంటకి వాడకండి.

గది ఉష్ణోగ్రత దగ్గర చాలామంది పొరబడతారు. పట్టికలో 20 డిగ్రీలకి 2,500 అని ఉంటుంది. మే నెలలో విజయవాడలో గది 35 డిగ్రీలుంటే మీటరు 1,400 చూపిస్తుంది. "సగానికి పడిపోయింది, పాడైంది" అని మంచి సెన్సర్‌ని పారేస్తారు.

కొన్ని కార్లలో ఇలాంటివి రెండుంటాయి. రెండు వైర్లది ఈసీయూకి, ఒక్క వైరుది డ్యాష్‌బోర్డు ముల్లుకి. ఒక్క వైరు దానికి ఇంజిన్ బాడీయే ఎర్త్. మరలకి టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టి బిగిస్తే ఆ ఎర్త్ సరిగా అందక ముల్లు కిందికి చూపిస్తుంది. ఇంకా పాత జీపుల్లో, ట్రాక్టర్లలో టెంపరేచర్ ముల్లుకి కరెంటే ఉండదు. తేలిగ్గా ఆవిరయ్యే ద్రవం నింపిన బల్బు, సన్నని రాగి గొట్టం, అంతే. వాటికీ ఈ గిన్నె పరీక్ష పనికొస్తుంది.

మా కారులో కూడా రెండున్నాయి. ఈసీయూది ఐసులో 5,850, మరిగే నీళ్లలో 195 చూపించింది. సెన్సర్ నిక్షేపంగా ఉంది. కనెక్టర్ విప్పి శుభ్రం చేశాను, అక్కడా లోపం లేదు. సెన్సర్ తిరిగి బిగించి, హైవే మీద గంటసేపు నడిపి, ఆపిన వెంటనే ప్లగ్ ఊడదీసి కొలిస్తే 550 ఓమ్స్. అంటే సుమారు 62 డిగ్రీలు. ముల్లూ, ఈసీయూ సెన్సరూ వేర్వేరు వైర్ల మీద ఒకే మాట చెబుతున్నాయి. రెండూ ఒకేసారి అబద్ధం చెప్పే అవకాశం చాలా తక్కువ. ఇంజిన్ నిజంగానే చల్లగా ఉంది.

థర్మోస్టాట్ అనే వాల్వ్ ఉండే హౌసింగ్ విప్పితే లోపల ఆ వాల్వే లేదు. ఎప్పుడో ఎవరో "తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుంది" అని తీసేశారు. మన దగ్గర ఇది చాలా మామూలు. 82 డిగ్రీల దాకా మూసుకుని ఇంజిన్‌ని వేడెక్కనివ్వాల్సిన ఆ చిన్న వాల్వ్ లేక, స్టార్ట్ చేసిన క్షణం నుంచీ నీళ్లు రేడియేటర్‌లోకి పోతూనే ఉన్నాయి. ఇంజిన్ ఇంకా వేడెక్కలేదని ఈసీయూ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంది. కొత్త వాల్వ్ వేయించాక ముల్లు మొదటిసారి సగం దాకా వచ్చి అక్కడే నిలబడింది. మెకానిక్ తీసి పక్కన పెట్టిన మొదటి సెన్సర్‌ని కూడా ఆ సాయంత్రం గిన్నెలో వేసి చూశాను. అదీ బాగానే ఉంది.