ఎర్రబండికి ఇల్లు

విల్లివాక్కం, చెన్నై.

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

అగ్నిమాపక సేవా వారోత్సవాల రోజుల్లో మీరందరూ అంబత్తూరులోని మా షెడ్డుకు వచ్చి, రెండు పాత ఫైరింజన్లను చూసి, వంతులవారీగా ఇత్తడి గంట మోగించి వెళ్ళారు. బయలుదేరేటప్పుడు మీలో అందరికన్నా చిన్నమ్మాయి నన్ను ఒక మాట అడిగింది. "ఇంత కష్టపడి బాగుచేశారు కదా తాతయ్యా, మళ్ళీ గుడ్డ కప్పేసి తలుపులు వేసేస్తారెందుకు?" అని. అప్పటికే మీ వ్యాను కదులుతోంది కనుక నేను చేయి ఊపి ఊరుకున్నాను. బండిని ఎలా బాగుచేశారని నన్ను అడిగినవారు ఎందరో ఉన్నారు. ఎలా దాస్తున్నారని అడిగిన మొదటి మనిషి ఆ పాపే. నాకు తెలిసినంతవరకు కష్టమంతా ఆ రెండో పనిలోనే ఉంది. అందుకే తీరికగా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీరు చూసిన పెద్ద బండి ఇంగ్లండులోని గిల్డ్‌ఫర్డ్ పట్టణంలో డెనిస్ సోదరుల కర్మాగారంలో తయారైంది. ఆ అన్నదమ్ములు 1895లో సైకిళ్ళతో వ్యాపారం మొదలుపెట్టి, 1908లో బ్రాడ్‌ఫర్డ్ నగరానికి తమ మొదటి మోటారు ఫైరింజన్‌ను చేసి ఇచ్చారు. రెండోది మన ఎన్నూరు బండి. 1948లో అశోక్ మోటార్స్‌గా మొదలై 1955లో అశోక్ లేలాండ్‌గా మారిన ఎన్నూరు కర్మాగారం ఛాసిస్, అంటే ఇంజనూ చక్రాలూ ఉన్న అడుగు చట్రం, చేసి ఇస్తే, దానిమీద టేకు చట్రం నిలబెట్టి, రేకు తొడిగి, పంపు బిగించిన బండి అది. నేను ముప్పయ్యేళ్ళు లారీలకు బాడీలు కట్టిన షెడ్డులో పనిచేసినవాణ్ణి కనుక, ఆ టేకు కీళ్ళలో ఒక్క మేకు కూడా కనబడకుండా బిగించిన వడ్రంగి చేతిని చూసినప్పుడల్లా నాకు నమస్కరించాలనిపిస్తుంది.

మీరు వచ్చిన వారోత్సవం ఏప్రిల్ 14న మొదలవుతుంది. 1944లో అదే తేదీన బొంబాయి విక్టోరియా డాక్‌లో, పత్తిబేళ్ళనూ పేలుడు పదార్థాలనూ కలిపి మోసుకొచ్చిన ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ అంటుకుని పేలిపోయింది. మంటలు ఆర్పడానికి వెళ్ళిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వారి పేర్లు రాతిమీద చెక్కి ఉంచవచ్చు. అయితే వారు ఎంత బరువును ఎత్తారో, ఎలాంటి మెట్టుమీద నిలబడి చలిగాలిలోనూ ఎండలోనూ ప్రయాణించారో మీకు తెలియాలంటే ఆ మెట్టూ, ఆ గొట్టమూ, ఆ నిచ్చెనా మీ చేతికి అందేలా ఉండాలి. ఈ బండ్లను దాచడం అందుకే.

ఇక మా పొరపాటు చెబుతాను. డెనిస్ బండిని మళ్ళీ నడిచేలా చేయడానికి మా నలుగురు మిత్రులకు నాలుగేళ్ళు పట్టింది. పుదుపేట పాతసామాను అంగళ్ళలో ఆదివారాలన్నీ గడిపి, దొరికినవి కొని, దొరకనివి లేతు మీద, అంటే లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం మీద, చేయించుకున్నాం. పని పూర్తయ్యాక, రాయపురంలో సముద్రానికి అరకిలోమీటరు దూరంలో ఒక పెద్దమనిషి తన గోదాములో చోటిస్తానంటే సంతోషంగా తీసుకెళ్ళి పెట్టాం. దుమ్ము పడకూడదని నీలం ప్లాస్టిక్ టార్పాలిన్ నేలదాకా కప్పి, చుట్టూ తాడుతో బిగించి కట్టాం. బండికి మేలు చేశామనుకున్నాం. రెండు వానాకాలాల తరువాత విప్పి చూస్తే మడ్‌గార్డుల అడుగున రంగు పొక్కులు లేచింది, బ్రేకు డ్రమ్ములు పట్టేశాయి, సీటు కింద టేకు నల్లబడి బూజు వాసన వేసింది. నాలుగేళ్ళ పనిలో సగం పోయింది. ఆ రోజు మేం ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు.

ఏం జరిగిందో మీకు అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను. తుప్పు పట్టడానికి వాన నీళ్ళే పడనక్కర్లేదు. గాలిలో తేమ దాదాపు 60 శాతం దాటితే చాలు, ఇనుము మీద కంటికి కనబడనంత పలుచని నీటి పొర ఏర్పడి తుప్పు వేగం పుంజుకుంటుంది. మన చెన్నైలో చాలా రోజులు తేమ అంతకన్నా ఎక్కువే ఉంటుంది. సముద్రపు గాలిలో వచ్చే ఉప్పు ఇనుము మీద వాలితే, తేమ తక్కువగా ఉన్న రోజున కూడా ఆ ఉప్పు గాలిలోని నీటిని తనవైపు లాక్కుంటుంది. వర్షాకాలంలో డబ్బాలోని ఉప్పు చెమ్మగిల్లడం మీరు చూసే ఉంటారు, ఇదీ అంతే. ఇంకొక సంగతి కూడా ఉంది. ఫ్రిజ్ లోంచి తీసిన నీళ్ళసీసా మీద చెమట పట్టినట్లే, రాత్రంతా చల్లబడిన ఇంజను దిమ్మ మీద ఉదయపు వెచ్చని తడిగాలి తగలగానే నీళ్ళు పేరుకుంటాయి. మందమైన ఇనుము నెమ్మదిగా వేడెక్కుతుంది కనుక ఆ చెమట చాలాసేపు నిలుస్తుంది. మేం కప్పిన టార్పాలిన్ ఆ తడిని బయటికి పోనివ్వలేదు. ఆవకాయ జాడీకి మన పెద్దవాళ్ళు పలుచని నూలుగుడ్డతో వాసెన కడతారే గానీ, గాలి ఆడకుండా బిగించరు. ఇప్పుడు మా బండ్లకు కప్పినది అలాంటి నూలుగుడ్డే. అది దుమ్మును ఆపుతుంది, తడిని ఆపదు.

ఎగ్మూరు మ్యూజియంలో లోహవస్తువులను కాపాడే రసాయనశాల 1930లోనే ఏర్పడింది. అక్కడి కంచు విగ్రహాలను చూసినప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. లోహంలోకి ఇంకిన ఉప్పును తొలగించి విగ్రహాన్ని శుభ్రం చేసిన తరువాత కూడా దానిని పొడిగా ఉంచకపోతే, మిగిలిన కొద్దిపాటి ఉప్పు తడి తగిలి మళ్ళీ పచ్చని పొడిగా పైకి వస్తుంది. మా పంపులో తిరిగే చక్రం కూడా గన్‌మెటల్ అనే కంచు జాతి లోహమే. వైద్యం ఎంత బాగా జరిగినా రోగి వెళ్ళి పడుకునే గది తడిగా ఉండకూడదు కదా.

కాబట్టి 2015లో మేం కొత్త చోటు వెదకడం మొదలుపెట్టాం. వేళచ్చేరి వైపు ఒక షెడ్డు చాలా బాగుంది. ఎత్తయిన తలుపు, కొత్త రేకులు, అద్దె కూడా మాకు అందుబాటులోనే ఉంది. అడ్వాన్సు ఇవ్వబోతుండగా మాలో ఒకాయన ఎదురుగా ఉన్న టీకొట్టు ఆమెను, ఇక్కడ వానకు నీళ్ళు ఎంతవరకు వస్తాయని అడిగారు. ఆమె మాట చెప్పకుండా తన కొట్టు గోడ మీద మోకాలి ఎత్తులో ఉన్న చారను చూపించింది. మేం వెనక్కి వచ్చేశాం. ఆ డిసెంబరు మొదటి రోజుల్లో అడయారు నది పొంగి నగరం మునిగినప్పుడు, ఆ వీధిలో నీళ్ళు ఆ చారకన్నా చాలా పైకి వచ్చాయి. యజమాని అబద్ధం చెప్పాడని నేను అనను, మేం ఆయనను అడగనే లేదు. కానీ అప్పటినుంచి ఏ షెడ్డు చూసినా ముందు గోడల అడుగుభాగం చూస్తాను, తరువాత చుట్టుపక్కల చాలాకాలంగా ఉంటున్నవారిని అడుగుతాను.

మాధవరం వైపు చూసిన మరో షెడ్డు పొడిగానే ఉంది గానీ, గోడకు ఆనుకుని పశువుల కొట్టం ఉంది. దానిని వద్దన్నందుకు మా మిత్రులకే ఆశ్చర్యం కలిగింది. బ్రిటిషువారి కాలంలో మన దేశంలోనే, గుర్రపుశాలల్లో నిలవచేసిన తూటాల ఇత్తడి గొట్టాలు వానాకాలంలో వాటంతటవే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా వాయువు తడితో కలిసి, తయారీలో సాగదీయడం వల్ల బిగువు మిగిలిపోయిన ఇత్తడిని చీలుస్తుందని 1921లో శాస్త్రజ్ఞులు వివరించారు. మా బండిలో సగం అందం ఇత్తడిదే. గొట్టాల మూతులు, కవాటాలు, గంట, లాంతర్లు అన్నీ ఇత్తడివే. గబ్బిలాలు, పావురాలు చేరే చోటు కూడా ఇదే కారణంతో పనికిరాదు.

ఇత్తడి మాట వచ్చింది కనుక ఇది కూడా వినండి. మీలో ఒకరు గంటను చింతపండుతో తోమి తెస్తానన్నారు. మీ అమ్మమ్మ బిందెకు అది చక్కని పద్ధతే. కానీ చింతపండు పులుపు మసితోపాటు కొద్దిగా లోహాన్నీ తీసుకుపోతుంది, సందుల్లో మిగిలితే తింటూనే ఉంటుంది. గంట మీద చెక్కిన అంకెలు ఇప్పటికే సగం అరిగి ఉన్నాయి. అవి అరిగిపోతే ఆ బండి ఏ స్టేషనులో ఉండేదో చెప్పేవారు ఉండరు. మేం మెత్తని గుడ్డతో తుడిచి, పలుచగా మైనం పూసి వదిలేస్తాం. కొంచెం నల్లగా ఉన్నా ఫరవాలేదు.

చివరికి అంబత్తూరులో, ఒకప్పుడు లేతు పనులు జరిగిన షెడ్డు దొరికింది. సముద్రానికి దూరం, వీధికన్నా రెండడుగుల ఎత్తు. ఒప్పుకునే ముందు నేలకు ఒక పరీక్ష చేశాం. ఒకటిన్నర అడుగుల పొడవు, అంతే వెడల్పు ఉన్న ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో నేలకు అతికించి, పదహారు గంటల తరువాత విప్పి చూశాం. అడుగున నీటిచుక్కలు కనబడితే సిమెంటు కింది మట్టిలోంచి తడి పైకి వస్తున్నదని అర్థం. మాకు ఒక మూలన మాత్రమే కనబడ్డాయి. ఆ మూలలో ఇప్పుడు బండి లేదు, బల్ల ఉంది. తలుపు ఎత్తు, నిచ్చెన పెట్టిన తరువాత బండి ఎత్తు, మలుపు తిరగడానికి ముందున్న ఖాళీ అన్నీ కొలిచాం. బరువు కూడా చూడాలి. ఎన్నూరు బండి తొట్టెలో 400 గ్యాలన్ల నీళ్ళు పడతాయి. ఒక ఇంగ్లీషు గ్యాలను 4.546 లీటర్లు కనుక, నీళ్ళ బరువే 1,800 కిలోలు దాటుతుంది. దాచే కాలంలో తొట్టె ఖాళీ చేసి, పంపు అడుగున ఉన్న కుళాయి తిప్పి చివరి చుక్కదాకా వదిలి, మూతలు తెరిచే ఉంచుతాం.

మీరు చూసినప్పుడు చక్రాలు నేలకు ఆనీ ఆననట్లు ఎందుకున్నాయని ఒక అబ్బాయి అడిగాడు. నెలల తరబడి ఒకేచోట బరువు మోస్తే టైరు ఆ భాగంలో చదునవుతుంది, అందుకని ఇరుసుల కింద స్టాండ్లు పెట్టి ఎత్తాం. బ్యాటరీ తీగలు విప్పి ఉంచుతాం, ఎందుకంటే గుడ్డ చుట్టిన పాత తీగలున్న బండికి నిప్పు అంటుకోవడానికి చిన్న రవ్వ చాలు. పెట్రోలు కూడా తీసేస్తాం. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది గాలిలోని తడిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు వాషర్లనూ కార్కునూ పాడుచేస్తుంది.

ఇంజనును వారానికోసారి అయిదు నిమిషాలు నడిపితే బాగుంటుందని చాలామంది సలహా ఇస్తారు. అది మేలు కాదు. ఇంధనం మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజను బాగా వేడెక్కకముందే ఆపేస్తే ఆ నీరు ఆయిలులోనూ పొగగొట్టంలోనూ నిలిచిపోతుంది. అందుకే మేం తక్కువసార్లు తీస్తాం, తీసినప్పుడు మాత్రం పాతిక కిలోమీటర్లు నడిపి, అంతా వేడెక్కి ఆరిన తరువాతే ఆపుతాం. మీరు వచ్చిన రోజు ఇంజను చప్పుడు వినిపించలేకపోవడానికి కారణం అదే. మీకు కలిగిన నిరాశ నాకు కనబడింది.

గొట్టాల సంగతి ఇంకొక మాటలో చెబుతాను. పాత ఫైర్ స్టేషన్లలో సన్నని గోపురం లాంటి కట్టడం కనబడితే అది గొట్టాలను నిలువుగా వేలాడదీసి ఆరబెట్టడానికి కట్టినది. మాకు గోపురం లేదు కనుక దూలానికి కప్పీ కట్టి వేలాడదీస్తున్నాం. తడిసిన నారగొట్టాన్ని చుట్టి పెడితే పదిరోజుల్లో బూజు పట్టి, నీటి ఒత్తిడికి చిరిగిపోతుంది.

మైలాపూరులో రథాన్ని చూశారు కదా. దానిని లాగేది ఏడాదిలో కొద్ది రోజులే, మిగిలిన రోజులన్నీ అది నీడలో నిలబడి ఉంటుంది. రథం చేయించినవారు రథానికి నీడను కూడా ఆలోచించారు. మేం మాత్రం బండిని ముందు తెచ్చి, నీడను తరువాత వెదికాం. నష్టమంతా అక్కడే జరిగింది.

ఇప్పుడు మళ్ళీ అదే చిక్కు వచ్చింది. 15 ఏళ్ళు నిండిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ కొనసాగించకూడదనే నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది, అలాంటివి తుక్కుగా మారాలి. పోయిన నెల ఒక పాత ఫైరింజన్ గురించి మాకు కబురు వచ్చింది. పంపు చెక్కుచెదరలేదు, గంట ఉంది, రంగు కూడా మొదటిదే. నేను వెళ్ళి చూసి, దాని మడ్‌గార్డు మీద చేయి వేసి, మా దగ్గర చోటు లేదని చెప్పి వచ్చాను. రాయపురంలో జరిగినది మరో బండికి జరగనివ్వలేను. అయినా ఆ రాత్రి నిద్రపట్టలేదు. అమ్మకానికి ఇంకా మూడు నెలల గడువుందని చెప్పారు.

మీ ఇళ్ళ దగ్గర, మీ బంధువుల కర్మాగారాల్లో మూతపడిన షెడ్డు ఏదైనా ఉంటే, కొలత టేపు తీసుకెళ్ళి కొలిచి నాకు రాయండి. తలుపు ఎత్తు పదకొండు అడుగులు, వెడల్పు పది, లోపలి పొడవు ముప్పయి ఉంటే సరిపోతుంది. గోడల మీద నీటి చార ఉందేమో చూడండి. నేల మీద ప్లాస్టిక్ కాగితం అతికించి మరునాడు విప్పండి. పక్కన ఏముందో కూడా రాయడం మరిచిపోకండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య