డిసెంబరు 20న తెరవాల్సిన పుస్తకం: అపోహలు - వాస్తవాలు

సుసాన్ కూపర్ పిల్లల కోసం రాసిన ఫాంటసీ నవల ‘ద డార్క్ ఈజ్ రైజింగ్’ 1973లో వచ్చింది. కథ డిసెంబరు 20న మొదలై క్రిస్మస్ తర్వాతి పన్నెండో రాత్రి దాకా, అంటే జనవరి 5-6 వరకు సాగుతుంది. అవే తేదీల్లో ఏటా దాన్ని మళ్లీ చదువుకునేవాళ్లు బ్రిటన్‌లో ఉన్నారు. పిల్లల చేత చదివించేటప్పుడు మాకు తరచూ ఎదురయ్యే అపోహలివి.

అపోహ: ఐదు పుస్తకాల్లో ఇది రెండోది, మొదటిది చదవకపోతే అర్థం కాదు.

అర్థమవుతుంది. 1965 నాటి మొదటి పుస్తకం కార్న్‌వాల్ తీరంలో వేసవి సెలవుల కథ. ఈ నవల కథానాయకుడు విల్ స్టాంటన్ అందులో లేనే లేడు.

అపోహ: రోజుకో అధ్యాయం చదివితే సరి.

పిల్లలు మధ్యలో వదిలేసేది ఇందువల్లే. ధనుర్మాసంలో రోజుకో పాశురం చదివినట్టు దీన్ని సమంగా పంచుకోలేం. క్రిస్మస్ ముందు రాత్రి కథకే ఒకటికి మించిన అధ్యాయాలున్నాయి. అన్నీ 24నే ముగించాలని కూర్చుంటే, విల్ ఒక మంత్రగ్రంథం చదివే నెమ్మదైన భాగం దగ్గరికొచ్చేసరికి పిల్లలు అలసిపోతారు. ఆ రోజు ఒక అధ్యాయంతో ఆపి, మిగతాది 25, 26 తేదీల్లో చదవండి. ఆ తర్వాత కథలో చలి ముదురుతుంది, అది నెలాఖరుకు సరిగ్గా కుదురుతుంది. పైకి చదివితే ఒక్కో అధ్యాయానికి ముప్పావుగంట పైనే పడుతుంది, రెండు విడతలుగా చదవడం మేలు. రెండు రోజులు తప్పిపోయినా ఒకేసారి మూడు అధ్యాయాలు లాగించకండి, జనవరిలో ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా నష్టం లేదు.

అపోహ: పిల్లల పుస్తకమే కాబట్టి ఆరేళ్లవాళ్లకైనా పడుకునే ముందు చదివి వినిపించవచ్చు.

వద్దు. మొదటి అధ్యాయంలో విల్‌కి 11 నిండబోయే ముందు రోజు. వాడు పక్కనుంచి వెళ్తే రేడియో గరగరమంటుంది. రోజూ మేత పెట్టే కుందేళ్లే వాణ్ణి చూసి వెనక్కి నక్కుతాయి. కాకుల్లాంటి రూక్ పక్షులు ఓ దేశదిమ్మరి మీద విరుచుకుపడతాయి. రాత్రి అటక గదిలో పైకప్పులోని కిటికీ ఊడి మంచు లోపలికి కూలుతుంది. రాక్షసుడెవడూ కనపడకుండానే ఇదంతా జరుగుతుంది, భయమంతా అందులోనే ఉంది. పదేళ్లు దాటాక చదివించండి. చదివి వినిపిస్తుంటే కిటికీ దగ్గర మాత్రం ఆపొద్దు, అన్న పరుగెత్తుకొచ్చేదాకా చదవండి.

అపోహ: మంచే చూడని మన పిల్లలకు ఇది ఎక్కదు.

ఈ కథకు మంచు కన్నా చీకటి ముఖ్యం. డిసెంబరు 21న హైదరాబాదులో పగలు సుమారు 11 గంటలుంటే, కథ జరిగే థేమ్స్ లోయలో 8 గంటలు కూడా ఉండదు, సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. పుస్తకం తెరిచే ముందు ఈ ఒక్క సంగతీ చెప్పి, మ్యాపులో లండన్‌కు పడమరగా విండ్సర్ చుట్టుపక్కల చూపిస్తే చాలు.

అపోహ: సినిమా చూస్తే సరిపోతుంది.

2007 నాటి సినిమాలో విల్ అమెరికా కుర్రాడు, వయసూ పెంచేశారు. 2022లో బీబీసీ వరల్డ్ సర్వీస్ 12 భాగాలుగా చేసిన రేడియో నాటకం నవలకు చాలా దగ్గరగా ఉంటుంది. చదవడం పూర్తయ్యాకే వినిపించండి.

మూడో పుస్తకాన్ని జనవరిలోనే మొదలుపెట్టకండి. అది వసంతకాలపు కథ, నాలుగోది శరత్కాలానిది, ఐదోది నడివేసవిది.