రీలు ధర కన్నా డ్రాగ్ ముఖ్యం: గాలం సామానుపై అపోహలు - వాస్తవాలు

సుంకేశుల దగ్గర గేట్లు దించి, తుంగభద్ర నీళ్లు తేటపడే రోజులు వచ్చాయంటే నా బల్ల మీద రీళ్లు పేరుకుంటాయి. కర్నూలులో రీళ్లు విప్పి, శుభ్రం చేసి బిగించడం, రాడ్ల రింగులు మార్చడం నా పని. కేసీ కాలువ గట్టు మీద జిలేబీ చేపలు పట్టే పిల్లల నుంచి గాజులదిన్నె, వెలుగోడు తిరిగేవాళ్లు, అటు అనంతపురం వైపు పీఏబీఆర్ రిజర్వాయరుకు, ఇటు కడప వైపు మైలవరం, గండికోటకు బైకుల మీద పోయేవాళ్ల దాకా అందరి సామానూ వస్తుంది. సామాను వేరైనా మాటలు మాత్రం అవే. సగం ఆన్‌లైన్ ప్రకటనల్లో చూసినవి, సగం గట్టు మీద ఒకరి నోట ఒకరు విన్నవి.

చేప తెంపుకుని పోయిందని నా దగ్గరికి తెచ్చే రీళ్లలో గేర్లు విరిగినవి తక్కువ. దారం పాతబడినవి, డ్రాగ్ (చేప లాగినప్పుడు దారాన్ని వదిలే బిగింపు) పట్టేసినవి, లోపల మట్టి చేరినవే ఎక్కువ. అందుకే కింద రాసిందంతా చివరికి ఆ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

అపోహ: బేరింగులు ఎన్ని ఎక్కువుంటే రీలు అంత మంచిది

డబ్బా మీద 13+1 అని కనబడగానే సగం బేరం కుదిరిపోయినట్టే. చాలా రీళ్లలో ఆ '+1' మామూలు బేరింగు కాదు, హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ క్లచ్. మిగిలినవాటిలో నిజంగా బరువు మోసేవి కొన్నే: పెద్ద గేరుకు చెరో పక్క, దానితో కలిసే చిన్న పినియన్ గేరు దగ్గర, దారం మలుపు తిరిగే లైన్ రోలర్‌లో. ఈ చోట్ల మంచివి నాలుగైదు ఉంటే రీలు ఏళ్ల తరబడి నడుస్తుంది. నాసిరకంవి పదమూడు పెడితే తుప్పు పట్టడానికి పదమూడు చోట్లు దొరికినట్టు.

షాపులో అంకె పక్కన పెట్టి, రీలును కాలు దగ్గర పట్టుకుని రోటర్‌ను (తిరుగుతూ దారం చుట్టే భాగాన్ని) అటూ ఇటూ ఊపి చూడండి. లొడలొడ ఆడుతుంటే వదిలేయండి. మెత్తటి బాడీ చేప బరువు పడగానే ఒరుగుతుంది, గేర్ల పళ్లు సరిగ్గా కలవవు, కొన్నాళ్లకే కరకర మొదలవుతుంది.

అపోహ: పెద్ద బొచ్చె చేప పడాలంటే పెద్ద రీలు, పది కేజీల డ్రాగ్ ఉండాలి

2500, 4000 లాంటి సైజు అంకెలకు అన్ని కంపెనీలూ పాటించే ఒకే కొలత లేదు. స్పూల్ (దారం చుట్టి ఉండే చక్రం) అంచు మీద రాసిన దారం లెక్క చూసుకోవడమే మేలు. 0.30-150 అని ఉంటే 0.30 మిల్లీమీటర్ల దారం 150 మీటర్లు పడుతుందన్నమాట. చెరువుల్లో, కాలువల్లో రోహు, మోసు, జిలేబీకి 2500 లేదా 3000 చాలు. రిజర్వాయర్లలో దూరం విసిరి బొచ్చెకో వాలుగకో కాచుకునేవాళ్లు 4000, 5000 తీసుకోవచ్చు. అంతకు మించితే చేతికి బరువే తప్ప మన నీళ్లలో ఒరిగేదేమీ లేదు.

ఇక డ్రాగ్. స్పూల్‌లో పొరలుగా పేర్చిన వాషర్లే డ్రాగ్ అంటే. చేప గట్టిగా లాగినప్పుడు స్పూల్ జారి దారం వదలాలి, అదే దాని పని. దారం తెగే బరువులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య జారేలా పెట్టుకోవాలి. ఆరు కేజీల దారానికి ఒకటిన్నర నుంచి రెండు కేజీలు. ముడి దగ్గర దారం బలం ఎలాగూ తగ్గుతుంది, వంగిన రాడ్ రింగుల్లో రాపిడి దానికి తోడవుతుంది. డబ్బా మీద పది కేజీలని రాసి ఉన్నా ఆ పది వాడే అవసరమే రాదు. ఆరు కేజీల దారం ఆ లోపే తెగి కూర్చుంటుంది.

చేత్తో రెండుసార్లు లాగి 'ఇంత చాల్లే అన్నా' అనేవాళ్లే ఎక్కువ. కొక్కెం ఉన్న చిన్న స్ప్రింగు త్రాసు ఒకటి కొనుక్కోండి. దారాన్ని రింగుల గుండా తీసి, కొసను త్రాసు కొక్కేనికి కట్టి, రాడ్‌ను కాస్త ఎత్తి పట్టుకోండి. ఇంకొకరు త్రాసు పట్టుకుని మెల్లగా వెనక్కి నడవాలి. ముల్లు రెండు కేజీల దగ్గర కుదురుగా ఉండి స్పూల్ జారితే డ్రాగ్ బాగున్నట్టు. ముల్లు మూడున్నర దాకా ఎక్కి, టక్కున జారి, మళ్లీ రెండుకు పడితే వాషర్లు అతుక్కున్నాయని అర్థం. బొచ్చె మొదటి పరుగులో దారం తెగేది సరిగ్గా ఆ 'టక్కున' దగ్గరే. అలాంటి స్పూల్ విప్పితే లోపల ఉన్ని వాషర్లు అప్పడాల్లా అణిగి, ఇనుప బిళ్లకు అంటుకుపోయి, గోటితో పెకలించాల్సి వస్తుంది. ఎందుకలా అయిందంటే, డ్రాగ్ బిగించిన రీలును బిగించినట్టే వేసవంతా అటక మీద పెట్టారు. ఇంటికి రాగానే డ్రాగ్ నాబ్ (బిగించే మర) వదులు చేసి పెడితే ఈ గొడవ సగం తప్పుతుంది.

అపోహ: చేప లాగుతున్నా హ్యాండిల్ తిప్పుతూనే ఉండాలి, లేకపోతే తప్పించుకుంటుంది

నా దగ్గరికి వచ్చే చిక్కుముళ్లలో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. రీలు మీద 5.2:1 అని ఉంటే, హ్యాండిల్ ఒక చుట్టుకు రోటర్ ఐదు చుట్లకు పైగా తిరుగుతుంది. చేప డ్రాగ్‌ను జారుస్తున్నప్పుడు మీరు తిప్పితే దారం లోపలికి రాదు. కానీ రోటర్ తిరిగిన ప్రతి చుట్టుకూ దారంలో ఒక మెలి పడుతుంది. హ్యాండిల్ పది చుట్లు తిప్పారంటే యాభై మెలికలు. చేప ఒడ్డుకు వచ్చినా, తర్వాత విసిరినప్పుడు స్పూల్ మీంచి దారం ఉంగరాలు ఉంగరాలుగా లేచి మొదటి రింగు దగ్గర ముడిపడుతుంది. తిట్లు మాత్రం దారం కంపెనీకి.

చేప లాగితే లాగనివ్వండి, చేయి ఆపండి. అది ఆగాక రాడ్‌ను మెల్లగా ఎత్తి, దించేటప్పుడు తిప్పండి. విసిరాక బెయిల్‌ను (దారాన్ని పట్టి రోటర్ మీదికి చేర్చే తీగ కమ్మీని) చేత్తో మూసి, దారాన్ని ఒకసారి బిగువుగా లాగండి. హ్యాండిల్ తిప్పి మూస్తే వదులు దారం స్పూల్ మీద గుత్తిగా పడే అవకాశం ఎక్కువ.

ఇప్పటికే మెలికలు పడిన దారాన్ని పారేయక్కర్లేదు. కాలువలో నీళ్లు పారుతున్నప్పుడు గాలం, సీసం, స్వివల్ (గిర్రున తిరిగే లంకె) అన్నీ తీసేసి, ఉత్త దారాన్ని పారే నీటిలోకి వదలండి. కాసేపు ఉంచితే మెలికలు వాటంతటవే విడిపోతాయి. తర్వాత రెండు వేళ్ల మధ్య బిగువుగా పట్టి చుట్టుకోండి.

అపోహ: బ్రెయిడ్ (అల్లిన దారం) వేస్తే ఇక దారం సంగతి చూడక్కర్లేదు

అదే బలానికి బ్రెయిడ్ నైలాన్ కంటే చాలా సన్నం, సాగదు, చిన్న కొరుకు కూడా చేతికి తెలుస్తుంది. కానీ రాతి అంచుకు తగిలితే పోగులు లేచి ఇట్టే తెగుతుంది. గండికోట లాంటి బండరాళ్ల ఒడ్డున బ్రెయిడ్‌ను నేరుగా గాలానికి కట్టడం డబ్బు నీళ్లపాలు చేయడమే. ముందు ఒకటి రెండు మీటర్లు మందపాటి నైలాన్ గానీ ఫ్లోరోకార్బన్ గానీ కట్టండి. ఇంకొకటి, వట్టి స్పూల్ మీద బ్రెయిడ్ పట్టు నిలవదు, మొత్తం చుట్టంతా జారి తిరుగుతుంది. దాన్నే డ్రాగ్ పాడైందనుకుని తెస్తుంటారు. అడుగున కొన్ని చుట్లు నైలాన్ వేసి, దాని మీద బ్రెయిడ్ చుడితే సరి.

ఫ్లోరోకార్బన్ నీళ్లలో కనబడదన్న మాట ప్రకటనల్లో పెద్దగా వినిపిస్తుంది. దారం గుణకం నీటికి ఎంత దగ్గరైతే అంత తక్కువ కనబడుతుంది: నీటి వక్రీభవన గుణకం (కాంతిని వంచే లెక్క) 1.33, ఫ్లోరోకార్బన్‌ది సుమారు 1.42. నైలాన్ కంటే నీటికి దగ్గరే గానీ మాయమైపోయేంత కాదు. వరద దిగని ఎర్ర నీళ్లలో అయితే ఏ దారమూ ఎవరికీ కనబడదు. దాని అసలు లాభం రాపిడికి ఓర్చుకోవడం, నీళ్లలో మునగడం. మునుగుతుంది కాబట్టే నీటి మీద తేలే బెండు వేసి పట్టేవాళ్లు రీలు నిండా అదే చుట్టుకుంటే ఇబ్బంది.

మామూలు నైలాన్‌కు శత్రువు ఎండ. మన రాయలసీమ ఎండలో షాపు ముందు వేలాడదీసిన దారం ఉండ ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. కొన్నదాన్ని బైకు డిక్కీలో వదిలేయకండి. కొర్రమీను కోసం వాడే రబ్బరు కప్పలు కూడా ఆ వేడికి ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి. ప్రతిసారీ చివరి రెండు మూడు మీటర్లను గోటి మీద లాగి చూడండి, గరుకు తగిలితే అంతవరకు కత్తిరించండి. ముడి బిగించే ముందు నోటితో తడి చేయండి, పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ అక్కడే బలహీనపడుతుంది. కత్తిరించిన ముక్కలు గట్టు మీద పారేయొద్దు, కొంగల కాళ్లకు చుట్టుకుంటాయి.

స్పూల్ నిండా కుక్కడం మరో తప్పు. అంచుకు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు కిందే ఆపాలి.

అపోహ: కొబ్బరినూనె వేస్తే రీలు వెన్నలా తిరుగుతుంది

వేసిన రోజు నిజంగానే తిరుగుతుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. డిసెంబరులో తెల్లవారుజామున గట్టు మీద రీలు బిగుసుకుందని ఫోన్ చేసేవాళ్లను నేను మొదట అడిగేది ఈ నూనె సంగతే. నెలలు గడిస్తే జిగురై దుమ్మును పట్టేస్తుంది కూడా. డబ్ల్యూడీ-40 కొడితే చాలనేది దాని తర్వాతి మాట. అది తేమను తోసేయడానికి, తుప్పు వదిలించడానికి మంచిది. రీలు లోపల కొడితే గేర్ల మీదున్న గ్రీజును కడిగేస్తుంది, దాని చోటు అది నింపదు.

కుట్టు మిషన్ నూనె చాలా చోట్లకు సరిపోతుంది. లైన్ రోలర్‌కు ఒక చుక్క, హ్యాండిల్ గుబ్బకు ఒక చుక్క, బెయిల్ కీళ్లకు ఒక్కో చుక్క. గేర్లకు తెల్ల లిథియం గ్రీజు, పళ్లకు పల్చగా పూసినంత. ట్రాక్టరుకు కొట్టే గ్రీజు పెట్టకండి, రీలు ఎద్దు నడిచినట్టు బరువుగా తిరుగుతుంది. ఉన్ని డ్రాగ్ వాషర్లకు ఇంట్లో ఉన్న నూనెలేవీ వద్దు.

రోలర్ క్లచ్ సంగతి వేరే చెప్పాలి. అందులో చిన్న చిన్న ఉక్కు రోలర్లు, సన్నని స్ప్రింగులు ఉంటాయి. గ్రీజు చేరితే రోలర్లు ఇరుక్కుని పట్టు దొరకదు, హ్యాండిల్ వెనక్కి తిరుగుతుంది. ఇంట్లో గ్రీజు బాగా దట్టించి తెచ్చిన రీళ్లలో నేను చూసే జబ్బు ఇదే. దాన్ని విప్పకుండానే స్పిరిట్ తడిపిన దూదితో తుడిచి, ఆరాక పల్చటి నూనె ఒక్క చుక్క వేస్తే మామూలవుతుంది.

అపోహ: మనది మంచినీళ్లే కదా, కడగడం ఎందుకు

ఉప్పు లేదు, నిజమే. వరద తెచ్చిన ఒండ్రు ఉంది, ఒడ్డున ఇసుక ఉంది. రీలును ఇసుక మీద పెట్టి ఎర కట్టుకుంటారు, లైన్ రోలర్ సందులో నాలుగు రేణువులు చేరతాయి, రోలర్ తిరగడం మానేస్తుంది. తిరగని రోలర్ మీద దారం రోజూ ఒకే చోట రాసుకుని గాడి కోస్తుంది. తర్వాత ఆ గాడి దారాన్ని కోస్తుంది. గోటితో రోలర్‌ను తోసి చూస్తే క్షణంలో తెలిసిపోతుంది.

బకెట్‌లో ముంచేవాళ్లూ ఉన్నారు, అది కడగకపోవడం కంటే చెడ్డది. డ్రాగ్ నాబ్ బిగించి, కుళాయి కింద సన్న ధారలో పైపైన కడిగి, గుడ్డతో తుడిచి, నాబ్ వదులు చేసి నీడలో ఆరబెట్టండి.

అపోహ: సామాను ఖరీదైనదైతే ఏ చేపైనా పడుతుంది

బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది ఎక్కువగా పై నీళ్లలో మేస్తుంది. మోసు అడుగున వెతుక్కుంటుంది. సీసం కట్టి వేరుశనగ చెక్క ముద్దను బురదలోకి దించి, బొచ్చె రాలేదని రీలు మార్చేవాళ్లకు నేను రీలు అమ్మను, రెండు రూపాయల బెండు ఇస్తాను. అలాగే చెరువులు, రిజర్వాయర్లు చాలా వరకు మత్స్యకార సహకార సంఘాల చేతిలో ఉంటాయి. గాలం వేసే ముందు అక్కడి వాళ్లను అడిగి వేయండి.

అపోహ: కార్బన్ రాడ్ విరగదు

లాగే బరువుకు గట్టిదే. చేప కాళ్ల దగ్గరికి వచ్చాక రాడ్‌ను నిట్టనిలువుగా, ఇంకా వెనక్కి వంచితే బరువంతా సన్నని కొస మీద పడి అక్కడే పుటుక్కుమంటుంది. చిన్న వల సంచి వాడండి. దీనికన్నా పెద్ద విషయం, కార్బన్‌లో కరెంటు పారుతుంది. కాలువ గట్ల మీదుగా పోయే తీగల కింద, ఉరుములు మొదలయ్యాక ఆ రాడ్ ఎత్తకూడదు.

అపోహ: సెకండ్ హ్యాండ్ రీలు కొంటే మోసపోవడమే

చూసి కొంటే కొత్త చవక రీలు కంటే పాత మంచి రీలే నయం. హ్యాండిల్‌ను ఎంత మెల్లగా వీలైతే అంత మెల్లగా తిప్పండి, వేగంగా తిప్పితే గేర్ల గరుకు తెలియదు. ప్రతి చుట్టులో ఒకే చోట టిక్కుమంటే గేరు పన్ను దెబ్బతిని ఉండొచ్చు, వద్దు. లైన్ రోలర్‌లో గాడి ఉంటే వద్దు. స్పూల్ తీసి, నిలువు షాఫ్ట్ వంగిందేమో కంటికి ఎదురుగా పెట్టి చూడండి. ఇవన్నీ బాగుండి, హ్యాండిల్ ఒక్కటే వెనక్కి తిరుగుతోందని అమ్మేవాడు మొహమాటంగా ధర తగ్గిస్తే, ఇంకో వంద తగ్గించమని అడిగి తీసుకోండి. చాలాసార్లు అది క్లచ్‌లో చేరిన గ్రీజే.