టీవీలో ఖండచాపు

"మావయ్యా, రైలు కుంటుతోంది చూడు. కేబుల్ పోయిందంటావా?"

పర్లాకిమిడిలో మా చెల్లెలింటికి సెలవులకి వెళ్లినప్పుడు మేనల్లుడు అడిగిన ప్రశ్న ఇది. స్టూలు మీద ల్యాప్‌టాప్, దాన్నుంచి గోడకున్న 43 అంగుళాల టీవీకి ఒక హెచ్‌డీఎంఐ కేబుల్. కేబుల్ పొడవు మీటరున్నరే, అందుకని స్టూలుని టీవీ కిందకి జరిపేశారు. వంటింట్లోకి పోవాలంటే ఎవరైనా కాలెత్తి తీగ దాటాల్సిందే. సినిమాలో వరిచేలు, వాటి వెనక ఎడమనుంచి కుడికి నెమ్మదిగా పోతున్న రైలు. పిల్లాడు చెప్పింది నిజమే. రైలు నున్నగా జారిపోవడం లేదు. పెట్టెల అంచులు సన్నగా వణుకుతున్నాయి. ఒక అడుగు పొట్టిగా, ఒక అడుగు పొడుగ్గా వేసుకుంటూ పోతున్నట్టుంది.

కేబుల్ ఎక్కడ గుచ్చాలో, రిమోట్‌లో ఏది నొక్కితే ల్యాప్‌టాప్ బొమ్మ వస్తుందో ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ పిల్లలకి తెలుసు కాబట్టి దాని జోలికి పోను. నన్ను పట్టుకున్నది ఆ కుంటి నడక. ఆ రాత్రి అన్నం తింటూ కూడా దాని గురించే మాట్లాడాను. దాని వెనక ఉన్నది మన మృదంగం మాస్టార్లకి బాగా తెలిసిన ఒక లెక్క.

ముందు కేబుల్‌ని నిర్దోషిగా విడిపించాలి. పాపం, దాని మీద అప్పటికే ఒకసారి శిక్ష పడింది. దుకాణం ఆయన "బంగారు పూత ఉన్నది తీసుకోండి, బొమ్మ నున్నగా వస్తుంది" అన్నాడట. వీళ్లు మూడింతల ధర పెట్టి రెండో కేబుల్ కొన్నారు. రైలు కుంటడం మానలేదు. బంగారం తుప్పు పట్టదు, అంతవరకే దాని ఉపయోగం. బొమ్మకి మెరుగు పెట్టే గుణం దానికి లేదు. ఈ నమ్మకం తావీదు మీద నమ్మకం లాంటిదే. ఖర్చు పెట్టినవాడికి మార్పు కనిపించి తీరుతుంది.

ఆ తీగలో జరిగేది ఇది. ఫుల్ హెచ్‌డీ బొమ్మని సెకనుకి 60 సార్లు పంపాలంటే, తెర అంచుల అవతల వదిలే ఖాళీతో కలిపి సెకనుకి 14 కోట్ల 85 లక్షల చుక్కలు వెళ్లాలి. ఒక్కో చుక్కకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులు, ఒక్కో రంగుకి ఒక జత తీగలు. ఒక్కో రంగు విలువ 8 బిట్లు, దారిలో చెడకుండా ఉండటానికి దాన్ని 10 బిట్లుగా మార్చి పంపుతారు. అంటే ఒక్కో జత మీద సెకనుకి 148 కోట్ల 50 లక్షల బిట్లు పరిగెడుతుంటాయి. కేబుల్ బాగోకపోతే ఈ బిట్లు పాడవుతాయి. అప్పుడు తెర మీద మిణుగురుల్లా చుక్కలు మెరుస్తాయి, లేదా కొన్ని క్షణాలు అంతా నల్లబడుతుంది, లేదా 'నో సిగ్నల్' అని వస్తుంది. అంతేగాని ఒక బొమ్మని కాస్త ఎక్కువసేపు, మరో బొమ్మని కాస్త తక్కువసేపు నిలబెట్టడం తీగ వల్ల కాదు. ఈ చివర బయల్దేరిన బిట్టు ఆ చివరకి చేరడానికి సెకనులో పదికోట్లవ వంతు కూడా పట్టదు. దారిలో బొమ్మని ఆపి ఉంచడానికి అక్కడ చోటే లేదు.

మరి కుంటేదెవరు?

సినిమాకి సెకనుకి 24 బొమ్మలు. మూకీల కాలంలో కెమెరా పిడి చేత్తో తిప్పేవారు కాబట్టి వేగం ఆపరేటర్ చెయ్యిని బట్టి మారేది. మాట వచ్చాక అది కుదరలేదు. వేగం మారితే గొంతు మారిపోతుంది. అలా 1920ల చివర్లో 24 స్థిరపడింది. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకి 16 బొమ్మలు, కాబట్టి సెకనుకి అడుగున్నర, నిమిషానికి 90 అడుగులు. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు. మన పెద్దవాళ్లు సినిమా ఎంతసేపు అనకుండా ఎన్ని రీళ్లు అని ఎందుకు అడిగేవారో దీన్నిబట్టి తెలుస్తుంది.

చిన్నప్పుడు ఒకసారి ప్రొజెక్టర్ గదిలోకి నన్ను రానిచ్చారు. ఆ మిషన్ని ఇప్పటికీ మరిచిపోలేదు. ఫిల్ము గేటుకి పైనా కిందా కాస్త వదులుగా ఉబ్బి, గిలగిల్లాడుతూ ఉంటుంది. గేటు దగ్గర మాత్రం పంటి చక్రం దాన్ని చటుక్కున ఒక బొమ్మ మేర లాగుతుంది, ఆపుతుంది, మళ్లీ లాగుతుంది. లాగుతున్నంతసేపూ తిరిగే రెక్క ఒకటి దీపానికి అడ్డం వస్తుంది. కిటుకంతా ఆ రెక్కలోనే ఉంది. సెకనుకి 24 సార్లే వెలుగు ఆరి వెలిగితే కళ్లు చెదురుతాయి. అందుకని బొమ్మ కదలకుండా నిలబడి ఉన్నప్పుడు కూడా ఇంకో రెక్క అడ్డం వచ్చేలా పెట్టారు. ఒకే బొమ్మ రెండుసార్లు వెలుగుతుంది, సెకనుకి 48 వెలుగులు. మూడు రెక్కలుంటే మూడేసి సార్లు, 72 వెలుగులు.

దీన్ని చప్పట్లతో చెప్పుకుందాం. బొమ్మకి రెండు వెలుగులైతే తక, తక, తక, తక. మూడైతే తకిట, తకిట, తకిట. రెండూ సమంగానే నడుస్తాయి. హాల్లో రైలు నున్నగా పోయింది అందుకే.

ఇక మన గోడ మీది టీవీ. అది సెకనుకి 60 సార్లు తెరని కొత్తగా దిద్దుకుంటుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర. ఒక్కో బొమ్మకి రెండున్నర చప్పట్లు కొట్టాలి, అర చప్పట లేదు. ఏం చేస్తుంది? ఒక బొమ్మకి రెండు, తర్వాతి బొమ్మకి మూడు, మళ్లీ రెండు, మళ్లీ మూడు.

తక తకిట. తక తకిట. తక తకిట.

ఇది ఖండచాపు! అయిదు అక్షరాల తాళం, రెండూ మూడుగా విరిగేది. చాపు తాళాలన్నిటికీ ఆ ఒరుగు ఉంటుంది. ఎక్కడో ఓ చిన్న తొట్రుపాటు, వెంటనే సర్దుకోవడం. ఆ ఒరుగు వల్లే చెవికి అంత అందం. నేను చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నది కొన్ని నెలలే అయినా, మాస్టారు ఒళ్లో చెయ్యి వేయించి నేర్పిన తక తకిట వేళ్లలో ఉండిపోయింది. ఆ రాత్రి టీవీ ముందు తొడ మీద తాళం వేస్తే నాకు ఒళ్లు పులకరించింది. మా వాడి టీవీ సెకనుకి పన్నెండు ఆవర్తాల, అంటే పన్నెండు చుట్ల, ఖండచాపు వాయిస్తోంది. పన్నెండైదులు అరవై. రెండు బొమ్మలకి ఒక ఆవర్తం, పన్నెండు రెళ్లు ఇరవై నాలుగు. లెక్క ఒక్క మాత్ర కూడా మిగలకుండా సరిపోయింది.

చెవికి నచ్చిన ఒరుగు కంటికి ఎందుకు నచ్చదు? రైలుని చూస్తున్నప్పుడు మన కన్ను ఒకచోట నిలబడదు. రైలుతోపాటు సమవేగంతో జారుతుంది. రైలు తెర ఆ చివరనుంచి ఈ చివరకి ఆరు సెకన్లలో పోతోందనుకోండి. తెర వెడల్పు 1,920 చుక్కలు, అంటే సెకనుకి 320. బొమ్మ మారే ప్రతిసారీ రైలు 13 చుక్కలు, ఇంకాస్త జరుగుతుంది. అసలైతే ప్రతి బొమ్మా దాదాపు 42 మిల్లీసెకన్లు నిలవాలి. మన ఖండచాపులో 'తక' బొమ్మ 33 మిల్లీసెకన్లకే వెళ్లిపోతుంది, 'తకిట' బొమ్మ 50 దాకా ఉండిపోతుంది. అంటే ఒక బొమ్మ సరైన వేళకి వస్తే, దాని పక్కది 8 మిల్లీసెకన్లు ముందే వచ్చేస్తోంది. ఆ 8 మిల్లీసెకన్లలో కన్ను దాదాపు మూడు చుక్కల దూరం జారుతుంది. 43 అంగుళాల టీవీలో అది మిల్లీమీటరు పైచిలుకు. రైలు ఉండాల్సిన చోట ఒకసారి, మిల్లీమీటరు ముందు ఒకసారి, సెకనుకి పన్నెండుసార్లు కనిపిస్తోందన్నమాట. పిల్లాడి కంటికి పెట్టెల అంచుల్లో కనబడిన వణుకు అదే. ఫైటింగుల్లో ఇది పట్టుబడదు, అక్కడ కన్ను దేన్నీ నిలకడగా వెంబడించదు. నెమ్మదిగా తిరిగే కెమెరా, పైకి పాకే పేర్లు, దూరంగా పోయే రైలు, వీటిలోనే దొరికిపోతుంది.

"ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది కదా" అన్నాడు వాడు. అదే చోటు ల్యాప్‌టాప్ తెర మీద పెట్టి చూడమన్నాను. వాడు ముఖం దగ్గరగా పెట్టి చూసి, "ఇందులోనూ ఉంది మావయ్యా!" అని అరిచాడు. ఉంటుంది, అదీ 60 హెర్ట్జ్ తెరే, అంటే సెకనుకి 60 సార్లు దిద్దుకునేదే. అంతకుముందు వాడు గమనించలేదంతే.

ఇంట్లో పెళ్లి వీడియో పెట్టించాను. ఫోన్లో తీసినది, సెకనుకి 30 బొమ్మలు. 60లో 30 సరిగ్గా రెండుసార్లు పోతుంది. తక తక తక తక. ఊరేగింపు నున్నగా సాగిపోయింది. అదే కేబుల్, అదే టీవీ. కేబుల్ తప్పు లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

టీవీని 50 హెర్ట్జ్‌లో పెడితే ఎలా ఉంటుందో కూడా లెక్కేశాం. పన్నెండు బొమ్మలకి 25 చప్పట్లు. అంటే పదకొండుసార్లు తక, పన్నెండోసారి తకిట. అరసెకనుకొకసారి ఒక్క తొట్రుపాటు. నా కంటికి ఖండచాపు కన్నా ఇదే ఎక్కువ చిరాకు పుట్టించింది. పాత రోజుల్లో మనలాంటి 50 హెర్ట్జ్ దేశాల టీవీల్లో దీనికి వేరే ఉపాయం ఉండేది. సినిమానే కాస్త తొందరగా, సెకనుకి 25 బొమ్మల చొప్పున నడిపేసేవారు. ఒక్కో బొమ్మకి సమంగా రెండు చప్పట్లు పడతాయి, కుంటడం ఉండదు. కానీ 150 నిమిషాల సినిమా 144 నిమిషాలకే అయిపోయేది. శృతి కూడా హార్మోనియం మీద పక్క మెట్టు దాకా వెళ్లే దూరంలో మూడింట రెండు వంతులకి పైనే పెరిగేది.

అన్నిటికన్నా ముచ్చటైనది 120 హెర్ట్జ్ టీవీ. 24నీ 60నీ రెంటినీ సరిగ్గా మోయగల అతి చిన్న సంఖ్య 120. చిన్నప్పుడు బళ్లో క.సా.గు. చేసినది గుర్తుందా, అదే. 24 అయిదులు 120. అంటే అక్కడ ఒక్కో బొమ్మకి ఒక పూర్తి ఖండచాపు ఆవర్తం దక్కుతుంది, కుంటడం పోతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. క.సా.గు.ని మనం బళ్లో ఎంత ఎండబెట్టి చెబుతామో! గీత గీసి, అంకెలు నిలువుగా రాసి, భాగించి, జవాబు పెట్టెలో రాయమంటాం. ఒక పక్క పిల్లలు మూడేసి, మరో పక్క పిల్లలు రెండేసి చప్పట్లు కొడుతూ, రెండు వైపులా చప్పట్లు ఎప్పుడు కలుస్తాయో వినమంటే ఒక్క పీరియడ్‌లో వచ్చేస్తుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది. నోట్లో ఆడే మాటలోనే చదువు చెప్పాలని ఆయన పోరాడారు. లెక్కలకి కూడా ఆ హక్కు ఉందని నా నమ్మకం.

సరే, మందు ఏమిటి? కేబుల్ గుచ్చగానే బొమ్మ కన్నా ముందు ఒక పలకరింపు జరుగుతుంది. హెచ్‌డీఎంఐలో ఉన్న 19 పిన్నుల్లో రెండిటి మీద ల్యాప్‌టాప్, టీవీలోని ఒక చిన్న చిప్పుని 'నీకేమేం వచ్చు?' అని అడుగుతుంది. ఆ చిప్పుకి కావలసిన 5 వోల్టులు కూడా ల్యాప్‌టాప్పే ఇస్తుంది. టీవీ తన సైజులు, వేగాలు జాబితాగా అప్పజెబుతుంది. మా వాడి టీవీకి 24 కూడా వచ్చు, కానీ ల్యాప్‌టాప్ అలవాటు ప్రకారం 60 ఎంచుకుంది. ఆంధ్రా, ఒడిశా సరిహద్దు ఊళ్లో ఇది రోజూ చూస్తాం. పాతపట్నం నుంచి వచ్చిన మనిషీ పర్లాకిమిడి దుకాణదారూ ఇద్దరికీ తెలుగు వచ్చి కూడా, ఒక్కోసారి ఒడియాలోనే బేరం మొదలుపెట్టేస్తారు. ఎవరో ఒకరు మార్చాలి.

విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే, అక్కడ టీవీని ఎంచుకుంటే రిఫ్రెష్ రేట్ జాబితా వస్తుంది. 24 పెట్టాం. కేబుల్ మీద బరువు కూడా సగానికి తగ్గింది, సెకనుకి 7 కోట్ల 42 లక్షల 50 వేల చుక్కలు చాలు. మౌస్ బాణం మాత్రం ముద్దముద్దగా కదిలింది, సినిమా అయ్యాక మళ్లీ 60కి మార్చుకోవాలి. టీవీ మెనూలో మోషన్ స్మూతింగ్ లాంటి పేరుతో ఒకటి ఉంటే అదీ ఆపించాను. అది లేని బొమ్మల్ని మధ్యలో తానే అల్లి పెడుతుంది. సినిమా తీసినవాళ్లు తియ్యని బొమ్మని చూడటం నాకిష్టం లేదు.

రైలు మళ్లీ వచ్చింది. ఈసారి చేల వెనకనుంచి చక్కగా జారిపోయింది.

చివర్లో పేర్లు పైకి పాకుతున్నప్పుడు వాడు "ఇప్పుడు ఒక్కసారి ఎగిరింది" అన్నాడు. నేను నమ్మలేదు. కాసేపటికి మళ్లీ అన్నాడు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టమన్నాను. రెండు ఎగురుళ్ల మధ్య 41 సెకన్ల పైన, 42 లోపు. ఫైలు వివరాలు తీసి చూస్తే సెకనుకి 24 కాదు, 23.976 అని ఉంది. అమెరికాలో 1953లో రంగుల టీవీ తెచ్చినప్పుడు, రంగు సంకేతం ధ్వని సంకేతంతో గొడవ పడకుండా అక్కడి టీవీ వేగాన్ని వెయ్యిన్నొక్కటిలో ఒక వంతు తగ్గించారు. టీవీ కోసం నడిపే సినిమాకీ ఆ కోత అంటుకుంది. టీవీ 24 అడుగుతుంటే ఫైలు 23.976 ఇస్తోంది. ఆ తేడా పోగై ఒక పూర్తి బొమ్మ కావడానికి 41.7 సెకన్లు పడుతుంది. అప్పుడు ఇవ్వడానికి కొత్త బొమ్మ లేక పాతదే ఇంకోసారి వేస్తుంది.

జాబితాలో 24కి కిందనే 23.976 ఉంది. అది పెట్టి, పేర్లు మళ్లీ మొదటినుంచి వేశాడు. పక్కన స్టాప్‌వాచ్ నడుస్తోంది. 41 దాటింది, 42 దాటింది, నిమిషం దాటింది. చెల్లెలు అన్నానికి రెండుసార్లు పిలిచినా వాడు కన్ను తిప్పలేదు.